పాత మినీ ఇంజిన్ ఇంట్లోనే దించాలి: పైనుంచి తీయాలా, సబ్‌ఫ్రేమ్‌తో కిందికా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. నా దగ్గర పాత మినీ కారు ఉంది. 998 సీసీ ఇంజిన్, రాడ్ చేంజ్ (గేరు లివర్‌ను రాడ్డుతో కలిపే రకం) గేర్ బాక్స్. రెండో గేరు వేసినప్పుడల్లా గరగరమంటోంది. యాక్సిలరేటర్ వదిలితే గేరు దానంతట అదే బయటికి వచ్చేస్తోంది. కింద ఆయిల్ కూడా కారుతోంది. రాత్రి పరిచిన అట్టముక్క తెల్లారేసరికి తడిసిపోతోంది. గేర్ బాక్స్ విప్పక తప్పదనిపిస్తోంది.

బ్రేకులు, కార్బొరేటర్, రేడియేటర్ పనులు సొంతంగానే చేసుకుంటాను కానీ ఇంజిన్ ఎప్పుడూ దించలేదు. ఒక్క కారు పట్టే షెడ్డు, సిమెంటు నేల, రెండు స్టాండ్లు, ఒక ట్రాలీ జాకీ ఉన్నాయి. ఇంజిన్ క్రేన్ అద్దెకు తెచ్చుకోగలను. గేర్ బాక్స్ ఒక్కటే విడిగా దించడం కుదరదా? ఇంజిన్‌ను పైనుంచి తీయడం మేలా, సబ్‌ఫ్రేమ్‌తో (ఇంజిన్, ముందు చక్రాలు బిగించి ఉండే ఇనుప చట్రం) సహా కిందికి దింపడం మేలా? ఒక్కడినే చేయగలనా? పని మొదలుపెట్టాలని ఉంది కానీ టెన్షన్‌గా కూడా ఉంది.

జవాబు:

తమ్ముడూ, గేర్ బాక్స్ ఒక్కటే రాదు. మినీ కట్టుబడే అలాంటిది. 1959లో డిజైనర్ ఇసిగోనిస్ ఈ కారును తెచ్చినప్పుడు 10 అడుగుల పొడవులో నలుగురిని కూర్చోబెట్టడానికి ఇంజిన్‌ను అడ్డంగా తిప్పి, గేర్ బాక్స్‌ను దాని కింద సంపులోనే (ఆయిల్ ఉండే అడుగు తొట్టి) పెట్టేశారు. ఇంజిన్‌కీ గేర్లకీ ఒకటే ఆయిల్. దాని వెనకవైపు ఉండే డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ బలం పంచే గేర్లు) కూడా ఆ ముద్దలోనే ఉంటుంది. కాబట్టి గేర్ బాక్స్ ముట్టుకోవాలంటే మొత్తం బయటికి రావలసిందే. క్లచ్ ప్లేటు మార్చడం వరకే అయితే ఇంజిన్ దించనక్కర్లేదు, బండిలో ఉండగానే పక్క కవరు విప్పి చేసుకోవచ్చు. మీరు చెప్పిన లక్షణాలు మాత్రం క్లచ్‌వి కావు. గేరు జారిపోతోందంటే లోపల చూడాల్సిందే.

పైనుంచా, కిందికా అంటే, మీ షెడ్డుకి పైనుంచి తీయడమే మంచిది. మనవాళ్లు ‘ఇంజిన్ దించడం’ అనే అంటారు గానీ ఈ బండిలో చేసేది ఎత్తడమే. సబ్‌ఫ్రేమ్‌తో దింపే పద్ధతి చెడ్డదని కాదు. సబ్‌ఫ్రేమ్‌కి తుప్పు పట్టి ఎలాగూ మార్చాలనుకుంటే, లేదా బాడీకి రంగు వేయించబోతుంటే అదే సరైనది. కానీ దానికి బ్రేక్ పైపులు, స్టీరింగ్ టై రాడ్లు, షాక్ అబ్జార్బర్లు, సబ్‌ఫ్రేమ్ బోల్టులు అన్నీ విప్పి, బాడీ ముందుభాగాన్ని ఎత్తి పట్టుకోవాలి. మీ బండి 1964 నుంచి 1971 మధ్య వచ్చిన హైడ్రోలాస్టిక్ సస్పెన్షన్‌దైతే ఇంకో చిక్కుంది. ఆ పైపుల్లో ద్రవం ప్రెషర్‌తో ఉంటుంది. దాన్ని తగిన పంపుతో ఖాళీ చేయించకుండా సబ్‌ఫ్రేమ్ జోలికి పోకూడదు. మీది రాడ్ చేంజ్ అంటున్నారు కాబట్టి చాలావరకు (స్ప్రింగుల బదులు) రబ్బరు కోన్లదే అయి ఉంటుంది, అయినా చూసుకోండి.

ఒక్కరే చేయొచ్చా అంటే, విప్పడం వరకు చేయొచ్చు. ఎత్తేటప్పుడు మాత్రం రెండో మనిషి ఉండి తీరాలి. ఇంజిన్, గేర్ బాక్స్ కలిసి సుమారు 150 కిలోలు. ఒకరు క్రేన్ దగ్గర, ఒకరు ఇంజిన్ చుట్టూ కళ్లు తిప్పుతూ ఉండాలి. ఎత్తడం అరగంట పని. అంతకు ముందు విప్పడానికే రెండు మూడు రోజులు పట్టొచ్చు. ఆ రోజుల్లో తొందరపడకపోతే ఆ అరగంట సాఫీగా గడుస్తుంది.

మరొకరి జవాబు:

నేను చెప్పేది పానాల గురించి. ఈ బండి మీద మెట్రిక్ పానాలు వాడకండి, దయచేసి. ఎక్కువ బోల్టులు అంగుళాల కొలతవి. 7/16, 1/2, 9/16 ఏఎఫ్ (బోల్టు తల ఎదురెదురు పక్కల మధ్య అంగుళాల కొలత) సైజులు దాదాపు మొత్తం పనికి సరిపోతాయి. 1/2 అంటే 12.7 మి.మీ. దానికి 13 పానా పట్టినట్టే ఉంటుంది. వదులుగా పట్టి, బలం పెట్టగానే మూలలు అరగదీస్తుంది. ఇంజిన్ మౌంటింగ్ బోల్టు మూల అరిగిందంటే, చెయ్యి పట్టని చోట పడుకుని ఉలితో కొట్టాల్సి వస్తుంది. ఒక మంచి ఏఎఫ్ సెట్టు ముందే తెచ్చుకోండి. బోల్టులకి తుప్పు వదిలించే స్ప్రేని ఒక రోజు ముందే కొట్టి వదిలేయండి.

ఇంకొకటి. పెద్ద అట్టపెట్టె మూత మీద ఇంజిన్ బొమ్మ ఉజ్జాయింపుగా గీయండి. ఏ బోల్టు ఎక్కడినుంచి తీస్తే ఆ బొమ్మ మీద ఆ చోట కన్నం చేసి గుచ్చేయండి. వాషరు కూడా దానితోనే. ఫోను ఫొటోలు తీసుకోండి, మంచిదే, కానీ రెండు నెలల తర్వాత ఫొటోలో బోల్టు పొడుగు తెలియదు, అట్ట మీద తెలుస్తుంది. వైర్లకి రంగు టేపు చుట్టి పెన్నుతో పేరు రాయండి.

అడిగినవారు:

చాలా థాంక్స్ అన్నా, అక్కా. పైనుంచే తీస్తాను. సస్పెన్షన్ చూశాను, రబ్బరు కోన్లే. బానెట్ తీసేశాను, కీళ్ల చుట్టూ పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. బ్యాటరీ తీసేశాను. ఇప్పుడు రెండు చోట్ల ఆగిపోయాను. యాక్సిల్ షాఫ్టులు ఎలా విడదీయాలి? ఇంజిన్‌కి తాళ్లు ఎక్కడ కట్టాలి?

జవాబు:

వరసగా చెబుతాను, మీరు ఇప్పటికే చేసినవి వదిలేయండి.

పై పనులు తేలిక. కూలెంట్ దించండి. రేడియేటర్ పక్కనే నిలబడి ఉంటుంది కదా, దాన్ని ఇంజిన్‌తో పాటు ఎత్తేవాళ్లూ ఉన్నారు, నేను మాత్రం ముందే తీసేస్తాను. దాని రెక్కలు పలచన, ఒక్క తగులుడుకే వంగుతాయి. పట్టిన కూలెంట్ మూతపెట్టి దాచండి. కుక్కలూ పిల్లులూ నాకుతాయి, అది వాటికి ప్రాణాంతకం. గ్రిల్, కార్బొరేటర్, డిస్ట్రిబ్యూటర్ మూత, డైనమో లేదా ఆల్టర్నేటర్ వైర్లు, సెల్ఫ్ మోటార్ వైరు, హీటర్ పైపులు, హీటర్ వాల్వు కేబుల్, ఆయిల్ ప్రెషర్ వైరు, టెంపరేచర్ వైరు తీసేయండి. పెట్రోలు పైపు విప్పగానే మూతివేయండి, సరైన సైజు బోల్టు దూర్చి క్లిప్పు బిగిస్తే చాలు. ఆ సమయంలో షెడ్డులో వేలాడే వేడి బల్బు ఉండకూడదు. అగ్నిమాపక సిలిండర్ చేతికి అందేంత దూరంలో పెట్టుకోండి.

క్లచ్ దగ్గర చాలామంది అనవసరంగా పని పెంచుకుంటారు. పైపు విప్పొద్దు. క్లచ్‌ను నొక్కే చిన్న సిలిండర్‌ను ఫ్లైవీల్ హౌసింగ్‌కి పట్టి ఉంచే రెండు బోల్టులు తీసి, సిలిండర్‌ను పైపుతో సహా వెనక గోడకి తాడుతో కట్టేయండి. తర్వాత బ్లీడింగ్ (పైపులోంచి గాలి తీయడం) చేసే పని తప్పుతుంది. కాకపోతే ఆ తర్వాత ఎవరూ క్లచ్ పెడల్ తొక్కకూడదు, తొక్కితే పిస్టన్ ఊడి బయటికొస్తుంది. పెడల్ కింద చిన్న కర్రముక్క పెట్టేస్తే నిశ్చింత.

ఇక కింద. బండి ముందు భాగాన్ని సబ్‌ఫ్రేమ్‌కి రెండు పక్కలా స్టాండ్ల మీద నిలపండి, వెనక చక్రాలకి ముందూ వెనకా అడ్డాలు పెట్టండి. స్టాండ్లు పెట్టేటప్పుడే ఖాళీ క్రేన్‌ను ఒకసారి లోపలికి తోసి చూడండి, దాని కాళ్లు స్టాండ్ల మధ్య దూరాలి. ఈ కొలత ముందే చూడక, అన్నీ విప్పాక మళ్లీ స్టాండ్లు జరుపుకోవడం మంచి పని కాదు.

ఆయిల్ దించేటప్పుడు డ్రెయిన్ ప్లగ్ పారేయకుండా చేతిలోకి తీసుకుని చూడండి. దానికి అయస్కాంతం ఉంటుంది. బూడిదరంగు మెత్తటి ముద్దలా పట్టి ఉంటే, వేళ్ల మధ్య రుద్దితే నున్నగా జారితే, అది మామూలు అరుగుదల. గోరుతో పట్టుకుని పైకెత్తగలిగే పెళుసు ముక్కలు కనిపిస్తే గేరు పన్ను విరిగినట్టే. మీ గేర్ బాక్స్ ఎంత ఖర్చు పెట్టిస్తుందో ఆ ప్లగ్ దగ్గరే సగం తెలుస్తుంది.

గేరు రాడ్డు దగ్గర రోల్ పిన్ ఒకటి ఉంటుంది, డిఫరెన్షియల్ వెనక కాలర్‌లో. సరిపడే పంచ్ పెట్టి కొట్టి బయటికి తీయాలి. మట్టీ ఆయిలూ గడ్డకట్టి ఉంటుంది కాబట్టి ముందు శుభ్రం చేయండి, లేకపోతే పిన్ను తల ఎక్కడుందో కనపడదు. పక్కనే ఉన్న రెండో రాడ్డుకి బోల్టు ఉంటుంది, అదీ తీయాలి. ఇదే పాత పొడుగు గేరు లివర్ ఉన్న బండి అయితే, లివర్ విప్పినప్పుడు చిన్న స్ప్రింగూ ప్లంజరూ జారిపడతాయి. ఆ మోడల్ ఉన్నవాళ్లు కింద చెయ్యి పట్టి విప్పండి.

యాక్సిళ్లకి రండి. మీ బండిలో లోపలి వైపు డబ్బాలాంటి పాట్ జాయింట్లు ఉంటాయి. (ఇంకా పాత బండ్లలో రబ్బరు కప్లింగులు ఉంటాయి, వాటికి యూ బోల్టుల నట్లు తీస్తే సరిపోతుంది.) ముందు చక్రాలు తీసి, టై రాడ్ బాల్ జాయింట్‌ను, హబ్ పై బాల్ జాయింట్‌ను విడగొట్టండి. బాల్ జాయింట్ పుల్లర్ వాడండి, సుత్తితో నట్టు మీద కొడితే మరలు పోతాయి. అప్పుడు హబ్ బయటికి వాలుతుంది. బ్రేక్ హోస్ మీద బరువు పడకుండా హబ్‌ను తాడుతో కట్టండి. పాట్ జాయింట్‌కీ డిఫరెన్షియల్‌కీ మధ్య సందులో పాట్ జాయింట్ తీసే పనిముట్టు దూర్చి ఒక్కసారి గట్టిగా ఎత్తితే లోపలి రింగు వదిలి టక్కుమని వస్తుంది. మెల్లగా ఊపుతూ కూర్చుంటే రాదు. పక్క కవరు అల్యూమినియంది, దాని అంచు మీద గడ్డపార ఆనించి బలం పెట్టారంటే పగులుతుంది. ఆ పనిముట్టు అద్దెకు దొరికినా తెచ్చుకోండి.

తాళ్ల సంగతి. రాకర్ కవరు స్టడ్లకి ప్లేటు బిగించి ఎత్తేవాళ్లు చాలామంది ఉన్నారు. సన్నటి ఆ స్టడ్ల మీద 150 కిలోలు వేలాడదీయడం నాకు మనసొప్పదు. హెడ్డు ఎలాగూ విప్పేవాళ్లయితే హెడ్డు స్టడ్లకే బ్రాకెట్ వేసుకోవచ్చు. మీరు విప్పడం లేదు కాబట్టి వెడల్పు నైలాన్ స్లింగులు రెండు తీసుకుని, ఒకటి రేడియేటర్ వైపు చివర కిందుగా, ఇంకోటి ఫ్లైవీల్ హౌసింగ్ వైపు కిందుగా తిప్పండి. పదునైన అంచులున్న చోట మందపాటి రబ్బరు పెట్టండి. ఎత్తగల బరువు ముద్రించి ఉన్న స్లింగులే వాడండి, మామూలు తాళ్లు వద్దు. క్రేన్ చెయ్యిని ముందుకు పొడిగించేకొద్దీ అది మోయగల బరువు తగ్గిపోతుంది. ఏ కన్నంలో ఎంతో చెయ్యి మీదే రాసి ఉంటుంది, అది చదివాకే కొక్కెం తగిలించండి.

బరువు క్రేన్ మీదికి వచ్చాక, అంటే స్లింగులు బిగిశాక, ఇంజిన్ మౌంటింగ్ బోల్టులు తీయండి. రెండు పక్కలా రెండేసి. ఇంజిన్ ఊగకుండా పట్టే పైన స్టెడీ రాడ్, కింద స్టెడీ రాడ్ మర్చిపోవద్దు. ముందు ప్యానెల్ వెల్డింగ్ చేసింది కాబట్టి విప్పడానికి కుదరదు, గేర్ బాక్స్ అడుగు దాని మీదుగా దాటేంత ఎత్తు కావాలి. షెడ్డు పైకప్పు అంత ఎత్తుందో లేదో టేపు పెట్టి చూసుకోండి.

ఇంజిన్ గాల్లో ఉండగా దాని కింద మీ ఒంట్లో ఏ భాగమూ ఉండకూడదు. వేలు కూడా.

అడిగినవారు:

అన్నా, అర్జెంటు. నేనూ మా తమ్ముడూ ఎత్తడం మొదలుపెట్టాం. రెండు అంగుళాలు లేచాక ఆగిపోయింది. ఇంకా పంపు కొడితే బండి ముందుభాగం కూడా స్టాండ్ల మీద నుంచి లేస్తోంది. పాట్ జాయింట్లు రెండూ వచ్చేశాయి, మౌంటింగులు తీసేశాం. ఎక్కడ పట్టుకుందో తెలియట్లేదు.

జవాబు:

ముందు కిందికి దించేయండి, స్లింగులు కొంచెం వదులయ్యేదాకా. బండి స్టాండ్ల మీద సరిగ్గా కూర్చుందో లేదో చూశాకే మళ్లీ దగ్గరికెళ్లండి.

ఇంజిన్ రాకపోతే ఏదో ఇంకా పట్టుకుని ఉందనే అర్థం. ఇలాంటప్పుడు నేను చూసే చోట్లు నాలుగు. సైలెన్సర్ గొట్టాన్ని మ్యానిఫోల్డ్ దగ్గర క్లాంపు తీసి ఉంటారు, కానీ కింద గేర్ బాక్స్ వెనక అదే గొట్టాన్ని పట్టుకునే బ్రాకెట్ ఇంకొకటి ఉంటుంది. రెండోది మీటరు కేబుల్, గేర్ బాక్స్ చివర చేత్తో తిప్పే నట్టు, కంటికి కనపడదు. మూడోది ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ స్ట్రాప్. నాలుగోది కింది స్టెడీ రాడ్. టార్చి పట్టుకుని మీ తమ్ముణ్ని అవతలి పక్క నుంచి చూడమనండి, ఒకే కోణంలోంచి చూస్తే దొరకదు.

మరొకరి జవాబు:

బ్రేక్ మాస్టర్ సిలిండర్ వైపు కూడా ఒక చూపు వేయండి. ఇంజిన్ అటు వాలి ఏ పైపునైనా ఒత్తుతుందేమో. అక్కడ మడిచిన దుప్పటి పెట్టి ఎత్తితే మంచిది.

అడిగినవారు:

సైలెన్సర్ బ్రాకెట్టే అన్నా! మట్టితో కప్పేసి ఉంది, బోల్టు ఉందనే తెలియలేదు. అది తీయగానే ఇంజిన్ మెత్తగా లేచింది. ఒక పక్క కొంచెం ఎత్తి, ఒక పక్క దించుతూ ప్యానెల్ దాటించాం. ఇప్పుడు టైర్ల మీద కూర్చుని ఉంది. దుప్పటి పెట్టాం అక్కా, మంచి పనే అయింది, ఒకసారి నిజంగానే అటు ఊగింది.

డ్రెయిన్ ప్లగ్‌కి ముద్దతో పాటు రెండు ముక్కలు ఉన్నాయి. ఒకటి గోరంత. గేర్ బాక్స్ విడదీయడానికి ముందు ఫ్లైవీల్ తీయాలంటున్నారు. దానికేమైనా జాగ్రత్త ఉందా?

జవాబు:

టైర్ల మీద పెట్టడం మంచి ఆలోచన. కానీ రాత్రంతా అలా వదలకండి, పక్కలకి చెక్కలు పెట్టి ఆపండి.

ఫ్లైవీల్ దగ్గర రెండు జాగ్రత్తలు, రెండూ ముఖ్యమే. ముందుగా ఫ్లైవీల్ తీసే ముందు క్రాంక్‌ను తిప్పి 1, 4 పిస్టన్లను పైకి తెచ్చి పెట్టుకోండి. లోపల ప్రైమరీ గేరును ఆపే సీ ఆకారపు వాషరు ఒకటి ఉంటుంది. క్రాంక్ ఆ స్థితిలో లేకపోతే అది కిందికి జారి ఫ్లైవీల్ వెనక ఇరుక్కుంటుంది. ఇక పుల్లర్‌కి ఎంత బలం పెట్టినా రాదు, బలం పెట్టేకొద్దీ పాడవుతుంది. రెండోది, మధ్య బోల్టును పూర్తిగా తీయకండి, కొన్ని మరలు వదులు చేసి ఉంచండి. ఫ్లైవీల్ కోనులాంటి షాఫ్టు మీద బిగిసి ఉంటుంది, వదిలేటప్పుడు తుపాకి పేలినట్టు శబ్దంతో వదులుతుంది. ఆ బోల్టు లేకపోతే ఆ ఇనుప చక్రం ఎగిరి మీ కాళ్ల మీద పడుతుంది.

ఇంజిన్ బయట ఉండగా చేసుకోవలసినవి చేసేసుకోండి. మౌంటింగ్ రబ్బర్లు, పాట్ జాయింట్ బూట్లు, క్లచ్ ప్లేటు, ఆయిల్ సీళ్లు, హీటర్ పైపులు. సబ్‌ఫ్రేమ్‌ను వైర్ బ్రష్‌తో రుద్ది చూడండి. ఈ వీలు మళ్లీ దొరకదు.

తిరిగి బిగించాక ఒక్క విషయం నా కోసం చేయండి. సెల్ఫ్ కొట్టే ముందు ఎర్త్ స్ట్రాప్ బిగించారో లేదో చేత్తో లాగి చూడండి. నా మొదటి మినీలో నేను దాన్ని మర్చిపోయాను. సెల్ఫ్ కొట్టగానే అంత కరెంటూ వెనక్కి వెళ్లడానికి దారి లేక చోక్ కేబుల్‌లోంచి వెళ్లింది. కేబుల్ ఎర్రగా కాలి, పైన ప్లాస్టిక్ కరిగి, డాష్‌బోర్డు కింద నుంచి పొగ వచ్చింది. పక్కనే పెట్రోలు పైపు. బ్యాటరీ క్లాంపు ఊడబీకడానికి పట్టిన ఆ కాసేపూ నాకు ఇప్పటికీ గుర్తే. ఆ రోజు నుంచి ఏ బండికైనా ముందు ఎర్త్ బిగించి, ఆ తర్వాతే మిగతా వైర్ల జోలికి వెళతాను.

పాట్ జాయింట్లు లోపలికి తోసినప్పుడు టక్కుమని కూర్చోవాలి. కూర్చున్నాక బయటికి లాగి చూడండి, రాకూడదు. ఆయిల్ సుమారు 5 లీటర్లు పడుతుంది, 20డబ్ల్యూ50 పోయండి. ఇంజిన్‌కీ గేర్లకీ అదే కాబట్టి మంచిదే పోయండి. స్పార్క్ ప్లగ్గులు తీసేసి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్‌తో తిప్పండి, ఆ తర్వాత ప్లగ్గులు వేసి స్టార్ట్ చేయండి.

అడిగినవారు:

అట్ట మీద ‘ఎర్త్ స్ట్రాప్’ అని ఎర్ర పెన్నుతో ఇప్పుడే రాసి పెట్టాను అన్నా. ఆ రోల్ పిన్ కొట్టేటప్పుడు కొంచెం నలిగింది, అదే వేయొచ్చా?

జవాబు:

వద్దు. కొత్తది వేయండి. దారిలో ఆ పిన్ను జారిపోతే ఉన్న గేర్లోనే ఇరుక్కుపోతారు. వేసేటప్పుడు కాలర్ కన్నంలో మట్టి లేకుండా చూసుకోండి, రెండు వైపులా సమానంగా లోపలికి దిగాలి.